అలుసు ఎవరిచ్చారు

పొద్దుటి నుంచి రోలరు ఆగుతుందేమోనని పెద్దక్క చూస్తూనే ఉంది. కరెంటు పోవచ్చు, బాయిలర్లో ఆవిరి తగ్గిపోవచ్చు, ఏదో ఒకటి జరగచ్చు. ఏదీ జరగలేదు. ఉతికిన ఆసుపత్రి దుప్పట్లు తడితడిగా తోపుడుబండ్లలో వస్తూనే ఉన్నాయి. ఆమె ఒక్కొక్కదాని అంచులు పట్టుకుని దులిపి, వేడి రోలరు నోటికి అందిస్తూనే ఉంది. అవి లోపలికి పోయి, చదునై, పొగలు కక్కుతూ అవతలి వైపు పడుతున్నాయి. మొన్నమొన్నటి దాకా ఆమె నిలబడే చోటు ఆ అవతలి వైపే.

ఇవతలి వైపు కొత్తమ్మాయిది. ఆ లాండ్రీలో పద్ధతి అంతే. రోలరుకి దుప్పటి అందించే పని అందరికన్నా కొత్తగా చేరినవాళ్లది, అవతల నిలబడి అందుకునే పని అందరికన్నా పాతవాళ్లది. అందించేవాళ్ల చేతులు కాలతాయి, కళ్లు మండుతాయి, ఒక్క క్షణం ఆదమరిస్తే వేళ్లు దుప్పటితో పాటే వెళ్తాయి. నాలుగు రోజుల క్రితం కొత్తమ్మాయి వేళ్లు అలాగే వెళ్లాయి. ఆ పిల్ల పనిలో చేరి ఎనిమిది నెలలైంది. తర్వాత ఇంకెవరూ చేరలేదు కాబట్టి ఆ పిల్ల ఇంకా కొత్తమ్మాయే, కూలీ ఇంకా కొత్తవాళ్ల కూలీయే. పాతవాళ్లకిచ్చేదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

రక్తమంటిందని రోలరుకి తొడిగే గుడ్డ ఆ రాత్రే మార్చేశారు. తెల్లారేసరికి మిషను తిరుగుతోంది. ఆసుపత్రి దుప్పట్లు ఎవరికోసమూ ఆగవు కదా.

"పెద్దక్కా, బాబాయ్ పిలుస్తున్నాడు" అంది మడతల బల్ల దగ్గరున్నావిడ. ఆమె గొంతులో భయం వినపడుతూనే ఉంది. సాయంత్రం తనిఖీకి లేబరాఫీసు నుంచి ఆఫీసరమ్మ వస్తుందని పొద్దున్నే అందరికీ తెలిసిపోయింది.

బాబాయ్ అంటే ఆ లాండ్రీ యజమాని. కానీ ఆ మాట అక్కడ పలకకూడదు. చేరిన మొదటి రోజే ఆయన భుజం తట్టి చెప్తాడు: "ఇక్కడ ఓనరూ లేడు, పనివాళ్లూ లేరు. నన్ను బాబాయ్ అను, నువ్వు అను. ఇది మన ఇల్లు." పెద్దక్క ఆయనకన్నా వయసులో పెద్ద. అయినా ఆమెకీ బాబాయే. ఆయన మళ్లీ ఆమెను పెద్దక్కా అంటాడు. వరస ఎక్కడా కలవదు, కానీ ఆ ఇంట్లో వరసలు సరిచూసినవాళ్లెవరూ లేరు. పైగా ఎండనపడి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి ఎవరైనా బాబాయ్ అనమంటే కడుపు నిండినట్టు ఉంటుంది. అది అబద్ధమని నేననను. ఆ తియ్యదనం నిజమే, అందుకే అంత పనిచేసింది.

ఆయన గదిలో ఫ్యాను తిరుగుతోంది. బాబాయ్ గడ్డం గీసుకోలేదు. కళ్ల కింద నల్లగా ఉంది.

"తిన్నావా?" అన్నాడు. ఎవరొచ్చినా మొదట అదే అడుగుతాడు.

"తిన్నాను బాబాయ్."

"నాకు ముద్ద దిగట్లేదు. కళ్లు మూస్తే ఆ పిల్ల అరుపే. నా కూతురికి జరిగినట్టుంది నాకు." అరచేత్తో ముఖం రుద్దుకున్నాడు. "ఆఫీసరమ్మ అందర్నీ అడుగుతుంది. నిన్ను మరీ అడుగుతుంది, రోలరు దగ్గరున్నది నువ్వేగా. ఏం చెప్తావు?"

"జరిగింది చెప్తాను."

"జరిగిందంటే అదే. ఆ పిల్ల మీ చెల్లెలి కూతురు. నిన్ను చూసిపోదామని వచ్చింది. నువ్వు చేస్తుంటే ముచ్చటపడి తనూ ఓ దుప్పటి పట్టుకుంది."

"నాకు చెల్లెలు లేదు బాబాయ్."

"ఆ సంగతి ఆఫీసరమ్మకి తెలుసా?"

పెద్దక్క నేల చూసింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు ఇంకా మెత్తగా చేసి చెప్పాడు. పనిలో ఉన్న పిల్ల అని రాసుకుంటే రోలరుకి సీలు వేస్తారు. ఆసుపత్రి వాళ్లు గుడ్డలు ఇంకోచోట ఉతికించుకుంటారు. ఇక్కడున్నవాళ్లందరూ రోడ్డున పడతారు. ఆ పిల్లకైతే తను లేడూ? ఎంతో కొంత చేతిలో పెడతాడు, చేయి నయమయ్యాక ఏదో కూర్చునే పని చూస్తాడు.

"నేను చూసుకోనా పెద్దక్కా? మీ ఆయన్ని చూసుకోలేదూ?"

ఆ మాట వస్తుందని ఆమెకు తెలుసు. ఆమె మొగుడికి కడుపులో ఆపరేషనైనప్పుడు బాబాయే డబ్బు కట్టాడు, ఆసుపత్రి బెంచీ మీద రాత్రంతా కూర్చున్నాడు కూడా. ఆయన ఆ మేలు ఎన్నడూ తిరిగి అడగలేదు. అడగాల్సిన పని పడలేదు, అంతకుముందే ఆమె ఇచ్చేస్తూ వచ్చింది.

"నువ్వు మాట్లాడవేం?" అన్నాడు బాబాయ్. ఆయన వెనక్కి వాలి నిట్టూర్చాడు. "ఏనాడైనా మిమ్మల్ని పనివాళ్లలా చూశానా? నా తప్పే. మంచిగా ఉన్నాను కాబట్టి అందరికీ అలుసైపోయాను."

ఆ మాట ఆ గోడల మధ్య ఎన్నేళ్లుగానో తిరుగుతోంది. మడతలావిడ జ్వరమొచ్చి ఒకపూట సెలవడిగితే, "అలుసిస్తే ఇంతే" అన్నాడు. బాయిలరు దగ్గర చేతులు కాలుతున్నాయి, తొడుగులు కొనిపెట్టమంటే, "అలుసు చూసుకుని అడుగుతున్నారు" అన్నాడు. పని వేళ దాటాక వచ్చే చివరి బండికి ఇంకొంచెం కూలిమ్మని ఒకసారి అందరూ కలిసి అడిగారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మనింటి పనికి కూలడుగుతారా? అంత అలుసైపోయానా మీకు?" అన్నాడు. అడిగినవాళ్లు తల దించుకుని వెళ్లి చివరి బండి తోసుకొచ్చారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. చివరి బండి ఊరికే చేసిపెట్టడం ఇంటి మర్యాద అయిపోయింది.

చూడండి ఆ మాట మహిమ. తిడితే కోపమొస్తుంది, ఎదురు తిరగొచ్చు. ఆ మాటంటే సిగ్గేస్తుంది. ఎదటివాడి మంచితనం మీద పడి తిన్నట్టు అనిపిస్తుంది. పెద్దక్క చిన్నప్పుడు ఆ మాట వాళ్లింట్లో వేరేగా వాడేవారు. వాళ్లమ్మ నాలుగిళ్లలో అంట్లు తోమేది. పండగపూట కూడా పనికి రమ్మంటే వెళ్లేది, వంటింట్లో గ్లాసు కనపడకపోతే ముందు ఆమెనే అడిగేవారు. ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని, "నేనంటే అందరికీ అలుసే" అనేది. ఏడుస్తూ కాదు, మామూలుగా, బయట ఎండగా ఉంది అన్నట్టు. అది కిందున్నవాళ్ల మాట. బలం లేనివాళ్లని చూసి, వీళ్లేం చేయగలరులే అని బలమున్నవాళ్లు మీదికొస్తే దానికి పెట్టుకున్న పేరు. అలాంటి మాట ఎప్పుడు వీధి దాటిందో, ఎప్పుడు ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాయన నోట్లోకి వెళ్లిందో పెద్దక్క ఎన్నడూ ఆలోచించలేదు.

టీ తాగే వేళకి ఆమెకు కాళ్లు ఒకచోట నిలవలేదు. గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. బాయిలరాయన గోడకానుకుని కూర్చున్నాడు. వేళాకోళానికి పెట్టింది పేరు ఆయన.

"ఏమన్నాడేంటి?"

"నాకో చెల్లెలు పుట్టింది" అంది పెద్దక్క.

"ఈ వయసులోనా? మీ అమ్మ గట్టిదే."

"దానికి పెళ్లీడు కూతురు కూడా ఉంది."

ఎవరో నవ్వబోయారు. సంగతి అర్థమై ఆగిపోయారు. మడతలావిడ గ్లాసు కింద పెట్టింది.

"ఆయన చెప్పమన్నట్టే చెప్పెయ్ పెద్దక్కా. నీకు దండం పెడతాను. రోలరుకి సీలు పడితే నా పిల్లలకేం పెట్టను? ఆ పిల్లకి చెయ్యి ఎలాగూ పోయింది. మనం నిజం చెప్తే తిరిగొస్తుందా?"

ఆమె తప్పుడు మనిషి కాదు. ఆ రోజు పరుగెత్తుకెళ్లి మిషను ఆపింది ఆమే. కొత్తమ్మాయిని ఒళ్లో పడుకోబెట్టుకుని వ్యాన్‌లో తీసుకెళ్లింది కూడా ఆమే.

"నువ్వేం చెప్తావు?" అని పెద్దక్క బాయిలరాయన్ని అడిగింది.

"నన్నేమడుగుతారు? ఈయన నీకేమవుతాడు అంటారు. బాబాయ్ అంటాను. ఇన్నేళ్లుగా నా నోటికి వేరే మాట అలవాటు లేదు." టీ అడుగున మిగిలింది నేలమీద పారబోశాడు. "ఆ అడ్డకమ్మీ సంగతి అడిగితే మాత్రం నాకు చెముడు."

అందరూ రోలరు వైపు చూశారు. రోలరు నోటికి అడ్డంగా ఒక ఇనుపకమ్మీ ఉంటుంది. చెయ్యి తగిలితే చాలు, మిషను ఠక్కున ఆగిపోతుంది. మిషను చేసినవాళ్లు వేళ్ల కోసమే దాన్ని పెట్టారు. అయితే తడి దుప్పటి ఉబ్బెత్తుగా వచ్చినా తగులుతుంది, మిషను ఆగుతుంది, మళ్లీ వేడెక్కాలి, పని వెనకబడుతుంది. చాలా ఏళ్ల కిందట ఓ సాయంత్రం బయట ఆసుపత్రి వ్యాన్ హారన్ మోగిస్తుంటే బాబాయ్ వచ్చి రోలరు పక్కన నిలబడ్డాడు. "ఈ కమ్మీ మనల్ని బతకనిచ్చేలా లేదు పెద్దక్కా. మరి మీ ఇష్టం" అని వెళ్లిపోయాడు. కట్టేయమని అనలేదు. ఆయన ఏదీ చెయ్యమనడు. పెద్దక్క చిరిగిన దుప్పటి నుంచి నీలి అంచున్న పీలిక ఒకటి చింపి, కమ్మీని పైకెత్తి కట్టేసింది. ఆ రోజు ఆయన అందరికీ టీ తెప్పించాడు. ముడి అప్పటి నుంచి అలాగే ఉంది.

మధ్యాహ్నం బాబాయ్ మళ్లీ వచ్చాడు. ఆసుపత్రికి వ్యాన్ వెళ్తోంది, పెద్దక్కను అందులో వెళ్లమన్నాడు. కాదు, వెళ్లమనలేదు. "ఆ తల్లి నీ మాటైతే వింటుంది. వెళ్లాలనిపిస్తే వెళ్లు" అన్నాడు.

ఆమె మడతపెట్టిన దుప్పట్ల మీద కూర్చుని వెళ్లింది. తమ లాండ్రీ ఉతికే ఆసుపత్రిలోనే ఆ పిల్లను చేర్చారు. వార్డులో ఒకవైపంతా అలాంటి నీలి అంచు దుప్పట్లే. కొత్తమ్మాయి మంచం కిటికీ పక్కన. ఆ పిల్ల కిందున్న దుప్పటి మూల కొద్దిగా ముడత పడి ఉంది. రోలరుకి వంకరగా అందిస్తే అలా ముడత పడుతుంది. కొత్తమ్మాయి మొదట్లో అన్నీ అలాగే అందించేది. పెద్దక్క ఆ ముడతను అరచేత్తో చదును చేసింది.

ఆ పిల్ల చెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి, ఇనుపస్తంభానికి ఎత్తి కట్టారు. పక్కన తల్లి నిలబడి ఉంది. మేడలకి మెట్లు కడిగే మనిషి. నడుం కాస్త వంగింది, నోరు వంగలేదు.

"నువ్వొచ్చావా, మీ బాబాయ్ పంపాడా?"

"వ్యాన్‌లో వచ్చాను."

"అయితే పంపాడు." ఆమె స్టూలు తోసింది. "కూర్చో. నీమీద నాకేం కోపం లేదు."

కోపముంటే బాగుండునని పెద్దక్క అనుకుంది. కూర్చుంది, మళ్లీ లేచింది. ఎలా ఉంది అనడిగింది.

"ఇంకో ఆపరేషను చెయ్యాలట. చేస్తే వేళ్లు విచ్చుకుంటాయట, గ్లాసు పట్టుకోగలుగుతుందట. లేకపోతే ఇంతే, బిగుసుకుపోయి ఉండిపోతుందట. పనిలో దెబ్బ తగిలిందని రాస్తే ప్రభుత్వం వాళ్లు మీ బాబాయ్ చేత పరిహారం కట్టిస్తారట, దాంతో ఆపరేషనైపోతుందని నర్సమ్మ చెప్పింది. మీ బాబాయ్ అంటున్నట్టు చూడ్డానికొచ్చిన చుట్టమని రాస్తే ఏమీ రాదట." ఆమె పెద్దక్క ముఖంలోకి చూసింది. "ఎనిమిది నెలలు నా కూతురు చీకటితో లేచి ఎక్కడికెళ్లింది పెద్దక్కా? చుట్టపుచూపుకా?"

పెద్దక్క మళ్లీ స్టూలు మీద కూలబడింది.

"నిన్న వచ్చాడాయన. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నా కూతురులాంటిదమ్మా అన్నాడు. నిజంగా నీ కూతురే అయితే ఆ మిషను ముందు నిలబెట్టేవాడివా బాబూ అని అడిగాను. అంతే, ముఖం మాడ్చుకున్నాడు. మంచిగా వచ్చి మాట్లాడుతుంటే నేను మీకు అలుసైపోయాను అన్నాడు." ఆమె చీరకొంగుతో మెడ తుడుచుకుంది. "అప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. నాకు బుర్రకెక్కట్లేదు. చెయ్యి పోయింది నా కూతురికి. అలుసు ఆయనెలా అయ్యాడు?"

దెబ్బకొట్టాలని అడిగిన మాట కాదు. నిజంగా తెలియకే అడిగింది. ఇన్నేళ్లుగా ఆ మాట విని తల దించుకోవడమే తప్ప, తల ఎందుకు దించుకుంటున్నాను అని పెద్దక్క ఎప్పుడూ తనను తాను అడగలేదు.

"అమ్మా, దాహమేస్తోంది" అంది కొత్తమ్మాయి. తల్లి సీసా తీసుకుని బయటికి వెళ్లింది. ఆమె వెళ్లేదాకా ఆగి ఆ పిల్ల నెమ్మదిగా అంది:

"పెద్దక్కా, ఆ రోజు నేనడిగాను, గుర్తుందా? ఆ కమ్మీకి కట్టిన గుడ్డ విప్పేద్దామా, దుప్పటి చేతుల్ని లాగేస్తోంది అని."

"గుర్తుంది."

"ఇంకొక్క బండే కదా, బాబాయ్ చిన్నబుచ్చుకుంటాడు అన్నావు."

"అన్నాను."

"అమ్మకి చెప్పలేదు. ఆఫీసరమ్మకీ చెప్పను. నీమీదికి వస్తుంది."

పెద్దక్క కిటికీ వైపు తిరిగింది. బాబాయ్ మాట కాదనలేని మనిషి, ఈ పిల్ల మాట ఎంత తేలిగ్గా కొట్టేసింది. కొత్తది కదా అనుకుంది. చెప్తే వింటుందిలే, ఎక్కడికి పోతుందిలే అనుకుంది. తను అవతలి వైపు నిలబడి చల్లటి మాటలు చెప్తూ ఈ పిల్లను మంట ముందు నిలబెట్టింది. బాబాయ్ తనను చేసినట్టే తను దీన్ని చేసింది. ఎవరు ఎవరికి అలుసో ఆ క్షణాన ఆమెకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. ఏడుపు రాలేదు. తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

"పెద్దక్కా" అంది ఆ పిల్ల. "ఇంకో కొత్తమ్మాయి వచ్చిందా?"

"లేదే."

"అయితే నేనింకా కొత్తే." చిన్నగా నవ్వింది. నవ్వితే కట్టు కదిలి నొప్పెట్టినట్టుంది, కళ్లు మూసుకుంది.

తల్లి నీళ్లు తెచ్చేసరికి పెద్దక్క గుమ్మం దగ్గరుంది. "నచ్చచెప్పకుండానే వెళ్తున్నావేం?" అని తల్లి వెనక నుంచి అంది. పెద్దక్క మెట్లు దిగిపోయింది. వ్యాన్‌లోంచి ఇంకా దుప్పట్లు దించుతున్నారు. ఆమె దానికోసం ఆగకుండా నడిచింది. ఎండలో సందులన్నీ దాటుకుంటూ నడిచింది. ఒకచోట వెనక్కి తిరిగి ఇంటికి పోదామా అనుకుంది. మొగుడు మంచం మీద కూర్చుని ఉంటాడు. ఏమైంది అంటాడు. ఆయన లేకపోతే నేను లేనే, ఒక్క మాట చెప్తే ఏం పోయింది అంటాడు. ఆ మాటా నిజమే, అదే కష్టం. మేలు చేసినవాడు చెడ్డవాడైతే బాగుండేది, ఇంత నడవాల్సిన పని ఉండేది కాదు. ఆమె ఇంటివైపు తిరగలేదు.

లాండ్రీలో అడుగు పెట్టేసరికి చెవులు దిబ్బడేసినట్టయింది. రోలరు ఆగి ఉంది. పొద్దుటి నుంచి కోరుకున్నది ఇప్పుడయింది, ఆమెకేం హాయి అనిపించలేదు. మడతల బల్ల దగ్గర కుర్చీ వేసుకుని ఆఫీసరమ్మ కూర్చుంది. నడివయసు మనిషి, చెప్పులు అరిగిపోయాయి, ముఖం అలసిపోయి ఉంది. బాబాయ్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దక్కను చూసి తల చిన్నగా ఊపాడు.

ఆమె రోలరు వైపు చూసింది. అడ్డకమ్మీ కిందికి దిగి, ఉండాల్సిన చోట ఉంది. తుడిచినట్టున్నారు, మెరుస్తోంది. నీలి అంచు పీలిక లేదు.

"ఈయన మీకేమవుతారు?" అని ఆఫీసరమ్మ మడతలావిడను అడుగుతోంది.

"బాబాయ్."

"మీకు?"

"బాబాయ్" అన్నాడు బాయిలరాయన. ఆయన ముఖంలో వేళాకోళం లేదు.

ఇంకిద్దరు కూడా అదే అన్నారు. ఆఫీసరమ్మ రాసుకుంటోంది. అబద్ధం ఒక్కరూ చెప్పలేదు, అదీ విడ్డూరం. రోజూ నోరారా పిలిచే పిలుపునే చెప్పారు. బాబాయ్ మెత్తగా అందుకున్నాడు. "మాది ఓ ఇల్లులాంటిది మేడమ్. అయినవాళ్లం తలా ఓ చెయ్యి వేసుకుంటాం. వీళ్ల వాళ్లు వస్తుంటారు, పోతుంటారు. ఆ పిల్ల కూడా అలాగే, ఈ పెద్దక్కను చూడ్డానికొచ్చి..."

"ఆవిడ చెప్తారుగా" అంది ఆఫీసరమ్మ. పెద్దక్క వైపు తిరిగింది. "ఈయన మీకేమవుతారమ్మా?"

పెద్దక్క నోరు తెరిచింది. నాలుక మీదికి వచ్చింది బాబాయ్ అనే. దాన్ని మింగడానికి కాసేపు పట్టింది. బెంచీ మీద రాత్రంతా కూర్చున్న మనిషి కళ్లముందు మెదిలాడు, చెయ్యి స్తంభానికి కట్టుకుని పడుకున్న పిల్ల మెదిలింది.

"ఏమీ కారండి" అంది. "ఓనరు గారు."

బాబాయ్ కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఆ గోడల మధ్య ఆ మాట ఎవరూ పలికి ఎరగరు. మడతలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి దెబ్బ తగిలిన అమ్మాయి?"

"మాతో పనిచేసే పిల్ల. ఎనిమిది నెలలైంది. నాకు చెల్లెళ్లు లేరు. అది ఇవతల అందించేది, నేను అవతల అందుకునేదాన్ని." రోలరు వైపు వేలు చూపించింది. "ఆ కమ్మీ ఇప్పుడు కిందుంది గానీ ఆ రోజు గుడ్డముక్కతో ముడేసి పైకి కట్టేసి ఉంది. కట్టింది నేనే. విప్పుదామని ఆ పిల్ల అడిగితే వద్దన్నది కూడా నేనే."

"మిమ్మల్ని కట్టమన్నదెవరు?"

"ఎవరూ అనలేదండి. మా ఇష్టమన్నారు. ఇక్కడన్నీ మా ఇష్టం మీదే జరుగుతాయి. చివరి బండి ఊరికే చెయ్యడం కూడా మా ఇష్టమే."

"ఏ గుడ్డ? ఏ ముడి?" అన్నాడు బాబాయ్. "ఆ పిల్లకి అలా జరిగిన దగ్గర్నుంచి ఈవిడకి మనసు బాగాలేదు మేడమ్. మీరే చూడండి, కమ్మీకి ఏమైనా కట్టుందా?"

ఆఫీసరమ్మ లేచి వెళ్లి చూసింది. కమ్మీ మీద వేలు పెట్టి రుద్దింది. ఏమీ లేదు. పెద్దక్క ఒంటరిగా నిలబడింది. అందరూ ఎటో ఒకవైపు చూస్తున్నారు.

బాయిలరాయన దగ్గాడు. చొక్కా లోపల చెయ్యి పెట్టి ఉండచుట్టిన పీలిక బయటికి తీశాడు. నీలి అంచు, ఆవిరికి పసుపెక్కిపోయి, ముడి దగ్గర రాయిలా గట్టిపడి ఉంది. "మధ్యాహ్నం పొయ్యిలో పడెయ్యమని ఇచ్చారండి" అన్నాడు నేల చూస్తూ. "పడేద్దామనే అనుకున్నాను. చెయ్యి రాలేదు." పెద్దక్క పక్కనున్న బల్ల మీద పెట్టి వెనక్కి తగ్గాడు.

బాబాయ్ ఒక్కొక్కరి ముఖంలోకి చూశాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నాటకమని చెప్పడానికి లేదు, ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. తనకు అన్యాయం జరిగిందనే ఆయన నమ్మకం.

"నెత్తిన పెట్టుకుని చూశాను మిమ్మల్ని" అన్నాడు. "ఇంత అలుసిచ్చానా నేను?"

ఎప్పటిలాగే కొన్ని తలలు వాలిపోయాయి. పెద్దక్క తల కూడా అలవాటుగా సగం దాకా వంగింది. అక్కడ ఆగింది.

"అలుసు మీరివ్వలేదు ఓనరు గారూ" అంది. "ఇన్నాళ్లూ ఇచ్చింది మేము."

అని పీలిక చేతిలోకి తీసుకుంది. ఆమె వేళ్లు వాటంతటవే దాన్ని అంచుకి అంచు చేర్చి మడతపెట్టసాగాయి. సగం మడత పెట్టాక చూసుకుని ఆగింది. ఆఫీసరమ్మ చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి" అంది. పెద్దక్క ఇచ్చింది.

బయట ఆసుపత్రి వ్యాన్ హారన్ మోగింది. పని వేళ దాటిపోయింది. ఉతుకు గది నుంచి ఎవరో తోసుకొచ్చిన చివరి బండి రోలరు ముందు ఆగి ఉంది. హారన్ మళ్లీ మోగింది. మడతలావిడ బండి వైపు ఓ అడుగు వేసి, పెద్దక్కను చూసి, అక్కడే నిలబడిపోయింది. బండి అడుగు నుంచి తడి దుప్పట్ల నీళ్లు నేల మీదికి కారుతున్నాయి. ఎవరూ కదల్లేదు.